ఎవరూ చదవడం లేదట!

మొన్న ఆదివారం పెరుగు ప్యాకెట్ సంచిలో వేసుకుని, చేతిలో పుస్తకం పట్టుకుని, గ్రంథాలయం గుమ్మంలో పావుగంట నిలబడిపోయాను. లోపల మీటింగు జరుగుతోంది. నన్నెవరూ పిలవలేదు. గడువు దాటకుండా పుస్తకం ఇచ్చేసి పోదామని వెళ్లానంతే.

లోపల ఎనిమిది మంది ఉన్నారు, అందరూ మగవాళ్లే. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. ఒక పెద్దాయన అందులో వేలు పెట్టి చూపిస్తున్నారు.

"చూడండి. ఈ మూడు బీరువాల్లోంచి ఏడాది మొత్తం మీద పాతిక పుస్తకాలు కూడా బయటికి వెళ్లలేదు. ఎవరూ చదవడం లేదండి. తూకానికి ఇచ్చేద్దాం. ఆ చోట్లో పిల్లలకి గ్రూప్స్ పుస్తకాలు, డీఎస్సీ పుస్తకాలు పెడితే నాలుగు ఉద్యోగాలైనా వస్తాయి."

అందరూ తలలూపారు. ఒకాయనకి మాత్రం కాస్త మొహమాటం వేసినట్టుంది. "నవలలు తీసేస్తే ఆడవాళ్లు ఏమన్నా అనుకుంటారేమోనండి" అన్నారు.

"ఆయ్, అలాగైతే వాళ్లకో అర ఉంచుదాం. వంటలు, ముగ్గులు, వ్రతకథలు" అన్నారు పెద్దాయన. అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు. సమస్య తీరిపోయిందన్నట్టు హాయిగా నవ్వారు.

నేను పుస్తకం అక్కడ చూసుకునే అబ్బాయి చేతికిచ్చి వచ్చేశాను. నోరు విప్పలేదు. ఇంటికొచ్చి పప్పులో తాలింపు వేసేటప్పుడు మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మనకెప్పుడూ అంతేగా! ఆడపడుచుకి చెప్పాల్సిన జవాబు గిన్నెలు తోముకునేటప్పుడు తడుతుంది. వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ మీటింగుంది. అప్పటిదాకా బీరువాల జోలికి వెళ్లరట. ఈలోగా ఆ మాటలన్నీ ఇక్కడ రాసుకుంటున్నాను. ఊరి పేరూ గ్రంథాలయం పేరూ అడక్కండి. రావులపాలెం చుట్టుపక్కల ఊళ్లలో ఒకటి. చందాలతో నడిచేది. ఆ పెద్దాయన చెడ్డవారు కాదు. హాల్లో తిరుగుతున్న రెండు ఫ్యాన్లు ఆయన ఇచ్చినవే. ఆయనతో కాదు నా పేచీ, ఆయన మాటతో.

ముందు ఆ మూడు బీరువాల్లో ఏముందో చెప్పనివ్వండి. మొత్తం ఆరు బీరువాలున్నాయి. నాలుగు తెలుగు, రెండు ఇంగ్లీషు. అందులో తూకానికి వెళ్లాల్సినవి రెండు తెలుగువి, ఒకటి ఇంగ్లీషుది.

తెలుగు బీరువా తలుపు తీయగానే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలు. పక్కనే చిలకమర్తి వారి 'గణపతి', మొక్కపాటి వారి 'బారిష్టరు పార్వతీశం'. వీళ్లు మన గోదావరి వాళ్లే. కింద అరలో యద్దనపూడి 'సెక్రటరీ' ఉంది. అసలు అట్ట ఎప్పుడో పోతే ఎవరో క్యాలెండరు కాగితంతో అట్ట వేశారు. రంగనాయకమ్మ 'బలిపీఠం', వాసిరెడ్డి సీతాదేవి 'మట్టిమనిషి', గోర్కీ 'అమ్మ', సహవాసి అనువాదం చేసిన 'ఏడు తరాలు'. వాటి మధ్యలో హోమియోపతి పుస్తకాలు రెండు, కొబ్బరి తోటల పెంపకం ఒకటి, జాతకం చూడటం ఎలా అనేది ఒకటి. అడుగు అరలో బైండు చేసిన పాత వారపత్రికల సీరియళ్లు. బైండు చేసినావిడ ఎవరో ప్రతి అధ్యాయం చివరా పెన్సిల్‌తో తారీకు వేసుకున్నారు.

ఇంగ్లీషు బీరువా కొనుక్కున్నది కాదు, పోగుపడింది. పిల్లలు హైదరాబాదో అమెరికానో వెళ్లిపోయాక, ఇల్లు సర్దేటప్పుడు అమ్మానాన్నలు అట్టపెట్టెల్లో తెచ్చిచ్చినవి. ఆర్.కె. నారాయణ్ 'మాల్గుడి డేస్', అగాథా క్రిస్టీ, ఎనిడ్ బ్లైటన్, యాన్ ఫ్రాంక్ డైరీ, రీడర్స్ డైజెస్టులు. ఎవరిదో ఇంజనీరింగ్ పుస్తకం. 'వైద్యుడు లేని చోట' పుస్తకం ఇంగ్లీషులో ఇక్కడుంది, తెలుగులో ఆ బీరువాలో ఉంది. ఒక ఇంగ్లీషు నవల మొదటి పేజీలో తెలుగులో "బుజ్జికి, పరీక్ష పాసైనందుకు" అని రాసి ఉంది. ఆ బుజ్జి ఇప్పుడెక్కడున్నాడో!

ఇదంతా చెత్తలా కనిపిస్తోంది కదా? కలగాపులగం. ఒక వరస లేదు. మీటింగులో ఆ మాటా వచ్చింది. "ఒక పద్ధతంటూ లేదండి" అన్నారు.

దానికి నా జవాబు మా అరటి మార్కెట్. రావులపాలెంలో పొద్దున్నే లారీల పక్క నుంచి ఎప్పుడైనా నడిచారా? కర్పూరం, చక్కెరకేళి, ఎర్ర చక్కెరకేళి, అమృతపాణి, బుషావళి, బొంత. ఎన్ని రకాల గెలలు! కర్పూరం ఎక్కువ అమ్ముడవుతుంది కదా అని బొంత గెలలు ఎవరూ గోదాట్లో పారేయరు. బొంతకాయ పచ్చిగా ఎవరూ తినరు. పండుగా తినేవాళ్లూ తక్కువే. కానీ బజ్జీ కావాలంటే, ఆవ పెట్టి కూర వండాలంటే అదే కావాలి. ఎర్ర చక్కెరకేళి ఎప్పుడో ఒకరు అడుగుతారు. ఆ ఒక్కరూ అడిగినప్పుడు ఉండాలి. ఇది మార్కెట్లో కూర్చున్న ప్రతి వ్యాపారికీ తెలుసు. మీటింగులో ఉన్న ఎనిమిది మందిలో ఇద్దరు గెలల వ్యాపారం చేసేవాళ్లే! గెలల విషయంలో తెలిసిన సంగతి పుస్తకాల దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోయింది?

పరీక్షల పిల్లలకి నేను వ్యతిరేకమని మాత్రం అనుకోకండి. మా అన్నయ్య కొడుకు మూడేళ్లుగా పోలీసు ఉద్యోగానికి చదువుతున్నాడు. ఇంట్లో ఒకటే గది, టీవీ, ఇద్దరు చిన్నపిల్లలు. వాడికి చోటు కావాలి, నాకు తెలుసు. కానీ వాడినే అడిగాను, "గ్రంథాలయంలో నీకేం కావాల్రా?" అని. "కుర్చీ, ఫ్యాను, ప్లగ్గు కావాలత్తా. రాత్రి తొమ్మిదింటిదాకా తెరిచి ఉంచితే చాలు" అన్నాడు. పుస్తకాలు వాడి దగ్గరే ఉన్నాయి. పైగా ఆ మెటీరియల్ ఏడాదికోసారి మారిపోతుంది. నిరుడు కొన్న కరెంట్ అఫైర్స్ ఈ ఏడు ఎందుకు పనికొస్తుంది? అంటే, పిల్లలు అడిగింది చోటూ సమయమూ అయితే, పెద్దలు ఇస్తానంటున్నది బీరువా. గోడవారగా ఉన్న బీరువాలు తీసేస్తే ఎన్ని కుర్చీలు పడతాయి? నేను కొలిచాను. మూడు. వెనక వరండాకి రేకులు దింపితే పన్నెండు పడతాయి. వాళ్ల పేరు చెప్పి మన పుస్తకాలు తీసేయడం వాళ్లకీ మనకీ ఇద్దరికీ అన్యాయమే.

ఇక అసలు విషయానికి వస్తాను. రిజిస్టరు.

"ఎవరూ చదవడం లేదు" అన్నదానికి సాక్ష్యం రిజిస్టరే కదా? పుస్తకం ఇంటికి పట్టుకెళితే పేరు రాయాలి, సంతకం పెట్టాలి. రాయకపోతే చదవనట్టే లెక్క. ఈ మాట నేను పెళ్లయ్యాక ఇరవై రెండేళ్లుగా వింటున్న ఇంకో మాటలాంటిదే. "మీ ఆవిడ ఏం చేస్తారండి?" "ఏం చెయ్యదండి, ఇంట్లోనే ఉంటుంది." లెక్కలో రాయకపోతే పని లేనట్టే!

నాలుగేళ్ల క్రితం సంగతి. అప్పుడు నాకు నలభై రెండు. నెలసరి పది పన్నెండు రోజులు ఆగకుండా వచ్చేది. నీరసం, ఆయాసం. ఒక ఆసుపత్రికి వెళ్తే స్కానింగు చూసి, గడ్డ ఉంది, గర్భసంచి తీసేద్దాం అన్నారు. "పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంకెందుకది?" అన్నారు. మా వారు సరేనన్నారు. మా అత్తగారూ సరేనన్నారు. మా వీధిలో నాకు తెలిసినవాళ్లలోనే నలుగురికి తీశారు మరి. వేరే దారి ఉంటుందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోకెల్లా మన రాష్ట్రంలోనే ఎక్కువ అని తేలిందని తర్వాత తెలిసింది. అప్పుడు ఆ సంగతి నాకేం తెలుసు?

ఆపరేషన్‌కి పది రోజులు గడువుంది. ఆ పది రోజుల్లో ఒక మధ్యాహ్నం గ్రంథాలయంలో, ఈ రోజు తూకానికి ఇచ్చేద్దామంటున్న రెండో తెలుగు బీరువాలో, 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకం కనపడింది. ఆడవాళ్ల శరీరం గురించీ జబ్బుల గురించీ తెలుగులో రాసిన పుస్తకం. బయటికి తీసి నిలబడే నాలుగు పేజీలు చదివాను. ఒళ్లు ఝల్లుమంది. నా ఒంట్లో ఏ భాగం ఎక్కడుందో, ఎందుకుందో నలభై రెండేళ్లకి నాకు ఎవరో తెలుగులో చెబుతున్నారు!

దాన్ని నేను ఇంటికి తీసుకెళ్లలేదు. ఎలా తీసుకెళ్తాను? రిజిస్టరులో పుస్తకం పేరు రాసి, పక్కన నా పేరు రాసి సంతకం పెట్టాలి. నా తర్వాత రాసేవాళ్లు చూస్తారు. మా వారి స్నేహితులు చూస్తారు. అందుకని ఒక పాత వారపత్రిక తీసుకుని, దాని మధ్యలో ఈ పుస్తకం పెట్టుకుని, కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని మూడు మధ్యాహ్నాలు చదివాను. ఏమేం అడగాలో ఒక చీటీ మీద రాసుకున్నాను. గడ్డ ఎంత ఉంది? ఎక్కడుంది? మందులతో ముందు చూడకూడదా? తీసేస్తే తర్వాత ఒంట్లో ఏమవుతుంది?

ఆ చీటీ పట్టుకుని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చీటీ చూసి, మళ్లీ పరీక్షలు చేసి, గడ్డ చిన్నదే, రక్తం బాగా తక్కువుంది, ముందు మందులు వాడి చూద్దాం అన్నారు. ఆపరేషన్ లేకుండానే కుదిరింది. అందరికీ ఇలాగే కుదురుతుందని నేననడం లేదు. తీయక తప్పనివాళ్లు ఉంటారు, అది డాక్టర్లే తేల్చాలి. నేననేది ఒకటే. ఆ నాలుగు ప్రశ్నలు అడగొచ్చని నాకు చెప్పింది మనిషి కాదు, పుస్తకం. ఆ పుస్తకం రిజిస్టరు ప్రకారం ఎవరూ చదవని పుస్తకం.

నేనొక్కదాన్నే కాదని కూడా నాకు తెలుసు. ఆ పుస్తకంలో కొన్ని పేజీల మూలలు మడిచి ఉన్నాయి. నేను మడిచినవి కావు. ఒకచోట పసుపు మరక ఉంది. చేతికి అంటుకున్న పసుపుతో, వంట మధ్యలోంచి వచ్చినట్టు ఎవరో తిప్పిన పేజీ. ఆవిడ పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. అలాగే తాగుడు మాన్పించడం గురించిన పుస్తకం ఒకటుంది, విడాకుల చట్టం మీద చిన్న పుస్తకం ఒకటుంది. రెండూ బాగా నలిగి ఉంటాయి. రిజిస్టరులో చూస్తే రెండూ కొత్తవే! మనకి ఎంత అవసరమైన పుస్తకమైతే అంత రహస్యంగా చదువుతాం. అలాంటప్పుడు సంతకాలు లెక్కపెట్టి ఏది ఉంచాలో తేల్చేవాళ్లు, సరిగ్గా మనకి కావలసినవే ముందు పారేస్తారు.

ఇక ఇంగ్లీషు బీరువా. "ఈ ఊళ్లో ఇంగ్లీషు నవలలు ఎవరు చదువుతారండి?" అన్నారు. దానికి మా ఇంటి సంగతే చెప్తాను.

నేను బీఏ తెలుగు. పెళ్లిచూపుల్లో "ఏం చదివావమ్మా?" అంటే చెప్పాను. "ఓహో, తెలుగా" అన్నారు. ఆ "ఓహో" ఇంకా చెవిలో ఉంది. మా అమ్మాయి ఎల్కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. ఇప్పుడు తొమ్మిదో తరగతి. తెలుగు చదువుతుంది గానీ కూడబలుక్కుని, బస్సు బోర్డు చదివినట్టు. నేను ఇంగ్లీషు చదువుతాను గానీ పక్కన డిక్షనరీ ఉండాలి. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఇద్దరికీ వేరే వేరే పుస్తకాలు. నాకు నచ్చిన కథ దానికి చెప్పబోతే "ఊఁ" అంటుంది. అది చదివేది నాకు అర్థం కాదని దాని నమ్మకం.

మొన్న వేసవి సెలవుల్లో గ్రంథాలయంలో నాకు 'రైలుబడి' దొరికింది. జపాన్‌లో రైలు పెట్టెల్లో నడిపిన ఒక బడి, అందులో ఒక అల్లరి పిల్ల. రాసినావిడ తెత్సుకో కురొయనాగి. చదువుతూ పైకే నవ్వాను. పిల్లని ఇంగ్లీషు బీరువా దగ్గరికి పంపితే అదే పుస్తకం, 'తొత్తో చాన్' పేరుతో, అక్కడుంది. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పుస్తకం రెండు భాషల్లో చదివాం. "నువ్వెక్కడున్నావ్?" "కుక్క దగ్గర." "నేనింకా మధ్యాహ్నం భోజనాల దగ్గరే." ఇంటికి నడిచి వస్తుంటే దారంతా ఆ బడి గురించే. పదేళ్లలో నా కూతురు నాతో అంతసేపు ఒక పుస్తకం గురించి మాట్లాడటం అదే మొదటిసారి.

తర్వాత ఇంకోటి జరిగింది. దానికి మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు నేను చెప్పాల్సినవన్నీ చెప్పలేకపోయాను. మా అమ్మ నాకు చెప్పినంతే చెప్పాను, అంటే ఏమీ చెప్పలేదు. బయట ఉన్నాను, దూరంగా ఉన్నాను, ఒంట్లో బాలేదు — నాకు తెలిసిన తెలుగు మాటలన్నీ దాచిపెట్టే మాటలే. దానికి ఇంగ్లీషులో మాట తెలుసు గానీ అమ్మతో ఆ మాట అనడం సిగ్గు. అప్పుడు 'వైద్యుడు లేని చోట' తెలుగుది నేను, ఇంగ్లీషుది అది తీసుకున్నాం. బొమ్మలు ఒకటే. ఇద్దరం ఒకే బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడుకున్నాం. నాకు లేని మాట దాని పుస్తకంలో ఉంది, దానికి తెలియని మాట నా పుస్తకంలో ఉంది. ఇందులో ఇంగ్లీషు బీరువా తూకానికి పోతే, మిగిలేది నా సగం మాత్రమే.

"తెలుగు పెద్దవాళ్లకి, ఇంగ్లీషు పిల్లలకి" అని ఇంటిని నిలువునా కోసేసుకున్నాం. రెండూ ఒకే కప్పు కింద ఉన్న చోటు ఊళ్లో అదొక్కటే.

అయినా రెండు భాషల పుస్తకాలు కలిసి ఉండటం మనకేమైనా కొత్తా? మాకు గంట ప్రయాణంలో ఉన్న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఒకటి చదివి, దాన్ని ఆసరాగా తీసుకుని మన గోదావరి ఇళ్ల కథగా 'రాజశేఖర చరిత్రము' రాశారు. ఆ నవల తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లి 1887లో లండన్‌లో 'ఫార్చూన్స్ వీల్' పేరుతో అచ్చయింది. అక్కణ్నుంచి వచ్చిందాన్ని మనది చేసుకుని మళ్లీ అక్కడికే పంపాం! ఇంగ్లీషు బీరువా పక్కన తెలుగు బీరువా ఉంటే ఇలాంటివి జరుగుతాయి. మధ్యలో గోడ కడితే జరగవు.

గ్రంథాలయాలూ మనకి ఎవరో పైనుంచి ఇచ్చినవి కావు. రాజమండ్రిలో నాళం కృష్ణారావుగారు 1898లో పెట్టిన వసురాయ గ్రంథాలయమే తర్వాత గౌతమీ గ్రంథాలయంలో కలిసింది. గ్రంథాలయోద్యమ పితామహుడని పిలిచే అయ్యంకి వెంకటరమణయ్యగారు పుట్టింది మన గోదావరి ఊరు కొంకుదురులో. 1914లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్లందరినీ ఒకచోట చేర్చి సంఘం పెట్టించింది ఆయనే. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువ మీద నడిపించారు. గ్రంథాలయానికి రాలేని మనిషి దగ్గరికి గ్రంథాలయమే వెళ్లాలన్నది వాళ్ల లెక్క. రాలేని మనుషులంటే ఎవరు? ముందు మనమే కదా! ఆ రోజుల్లో పడవలో పుస్తకాలు ఎక్కించారు, ఈ రోజుల్లో తక్కెడలో ఎక్కిద్దామంటున్నాం.

ఇంకో సంగతి. మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని ఉంటుంది. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు వసూలు చేస్తున్నారు. మాలాంటి చందాల గ్రంథాలయానికి ఆ డబ్బు రాదు, ప్రభుత్వ శాఖా గ్రంథాలయాలకి వెళ్తుంది. కానీ మీ ఊళ్లో ఉన్నది శాఖా గ్రంథాలయమైతే, మీరు గుమ్మం తొక్కినా తొక్కకపోయినా దానికి డబ్బు కడుతూనే ఉన్నారు. అక్కడ ఏ పుస్తకం కొనాలో, ఏది తీసేయాలో అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇక ఆ "ఆడవాళ్ల అర" గురించి. అసలు కోపం నాకు దాని మీదే వచ్చింది. వంటలూ ముగ్గులూ వ్రతాలూ వద్దని కాదు. మా అత్తగారు కార్తీక మాసంలో కార్తీక పురాణం కోసం నన్ను పరిగెత్తిస్తారు, తెచ్చిపెడతాను. నేనూ వంటల పుస్తకం చూస్తాను. కానీ అది 'మన అర' అని ఒకటి గీసిస్తే, మిగతావి మనవి కావనేగా అర్థం?

మాలతీ చందూర్‌గారిని తలుచుకోండి. 'వంటలు–పిండివంటలు' రాసింది ఆవిడే. మన అమ్మల కాలంలో కొత్త కాపురానికి వెళ్తూ ఆ పుస్తకం పట్టుకెళ్లినవాళ్లు ఎంతమందో! 'స్వాతి'లో 'పాత కెరటాలు' శీర్షిక కింద నెలనెలా ఒక ఇంగ్లీషు నవలనో, ఇంగ్లీషులోకి వచ్చిన వేరే దేశం నవలనో తెలుగులో పరిచయం చేసిందీ ఆవిడే. కాలేజీ మెట్లెక్కని ఆడవాళ్లకి ప్రపంచ నవలలు వంటింట్లోకి తెచ్చిచ్చారు. 'హృదయనేత్రి' నవలకి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఆవిడ పుస్తకాలు ఏ అరలో పెడతారు? వంటల పుస్తకం ఆడవాళ్ల అరలో పెట్టి, మిగతావన్నీ తూకానికి ఇస్తారా?

"అన్నీ ఫోన్లో ఉన్నాయి కదండీ" అనే మాట ఎలాగూ వస్తుంది కాబట్టి దానికీ ఇప్పుడే చెప్పేస్తాను. ఫోన్లో నిన్న నేను చూసినదే ఈ రోజు మళ్లీ చూపిస్తుంది. నిన్న జాకెట్ డిజైన్లు చూస్తే ఈ రోజు ఇరవై జాకెట్ డిజైన్లు. 'రైలుబడి' ఉందని నాకు తెలియనే తెలియదు, ఇక దాన్ని ఫోన్లో ఎలా వెతుకుతాను? పక్క పుస్తకం కోసం చెయ్యి పెడితే దొరికింది. పైగా మనలో ఎంతమందికి ఫోను పూర్తిగా సొంతం? మా ఇంట్లో నా ఫోను పిల్లలూ తీస్తారు, మా వారూ తీస్తారు. నేనేం వెతికానో అందులో ఉంటుంది. వారపత్రిక మధ్యలో పెట్టుకుని చదివినంత గుట్టుగా ఫోన్లో చదవలేను.

సరే, ఇంత రాశాక ఊరికే కూర్చుంటానా? ఈ మూడు వారాల్లో ఒక పని చేశాను. గ్రంథాలయం చూసుకునే అబ్బాయిని అడిగి, ఆ మూడు బీరువాల్లో నలభై పుస్తకాల చివరి పేజీలో తలా ఒక తెల్ల చీటీ పెట్టాను. ప్రతి అరలోనూ దారం కట్టి ఒక పెన్సిల్ వేలాడదీశాను. చీటీ మీద ఇంతే రాశాను: "చదివితే ఒక గీత పెట్టండి. పేరు అక్కర్లేదు."

నిన్న వెళ్లి చూశాను. 'సవాలక్ష సందేహాలు' చీటీ మీద ఆరు గీతలు. 'సెక్రటరీ' మీద తొమ్మిది, పక్కన ఎవరో "మళ్లీ" అని రాశారు. విడాకుల చట్టం పుస్తకం మీద రెండు. ఆ రెండు చూసి కాసేపు అలాగే నిలబడిపోయాను. ఎవరో తెలియదు, ఎవరని వెతకను కూడా. 'మాల్గుడి డేస్' మీద నాలుగు. కొబ్బరి తోటల పుస్తకం మీద కూడా ఒకటుంది! మొత్తం నలభై పుస్తకాల్లో ఇరవై ఆరింటి మీద గీతలున్నాయి. అదే మూడు వారాల్లో ఆ బీరువాల నుంచి రిజిస్టరులోకి ఎక్కిన పుస్తకాలు రెండు. అందులో ఒకటి నాది.

కాబట్టి మీరు చేయాల్సింది చెప్తాను. ఎవరు పేరు రాయగలరో వాళ్లు రాయండి. ఇదివరకు చదివిన పుస్తకమైనా సరే, మళ్లీ తీసుకుని పూర్తి పేరుతో సంతకం పెట్టండి. "ఫలానా వారి భార్య" అని కాదు, మీ పేరు. మీ సంతకం మీ ఒక్కరి కోసం కాదు, రాయలేని ఇంకొకావిడ కోసం కూడా. రాయలేనివాళ్లు కనీసం గీత పెట్టించుకునే ఏర్పాటు మీ ఊళ్లో అడగండి. తెల్లకాగితం, పెన్సిల్, దారం, అంతే ఖర్చు. మీటింగులు ఎప్పుడో కనుక్కోండి, గుమ్మంలో కాకుండా లోపల కూర్చోండి.

రెండో ఆదివారం నేను వెళ్తున్నాను. నలభై చీటీలూ తీసి ఒక కవర్లో పెట్టుకుంటాను. మా అన్నయ్య కొడుకు కూడా వస్తానన్నాడు, వరండాకి రేకుల సంగతి వాడే మాట్లాడతాడట. ఎనిమిది కుర్చీలే ఉంటే మా ఇంటి నుంచి రెండు పట్టుకెళ్తాం. ఈసారి పెరుగు ప్యాకెట్ ముందే ఇంట్లో పడేసి వెళ్తాను.